ఒక తలుపు ఖరీదు

అయినా గదిని గదిగా లెక్కపెట్టకపోతే మరి దేనిగా లెక్కపెడతారు? నాలుగు గోడలున్నాయి, పైన కప్పుంది, కిటికీ ఉంది, కిటికీకి ఊచలున్నాయి. తలుపుంది. తలుపు సంగతి తర్వాత. ముందు పొడవూ వెడల్పూ చూడాలి కదా. పన్నెండు, పది. నూట ఇరవై చదరపు అడుగులు గాల్లో వేలాడటం లేదు, కింద హాలు గోడల మీదే నిలబడి ఉన్నాయి. ఇళ్లు అమ్మిపెట్టే ఆ టేపావిడ మాత్రం ఆర్నెల్ల కిందట ఇల్లు కొలవడానికి వచ్చినప్పుడు ఆ పైగదిని కాగితం చివర విడిగా రాసి, దాని పక్కన చిన్న గీత గీసింది. సున్నా కూడా కాదు, గీత. సున్నా అయితే తూచి చూసి ఏమీ లేదని చెప్పినట్టు. గీత అంటే తూచనే లేదు.

అతను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తున్నాడు. ఆవిడ పదకొండింటికి వస్తానంది. ఇప్పుడు పదింపావు. గేటుకి కట్టిన 'ఇల్లు అమ్మబడును' బోర్డు నిన్న అతనే విప్పి మెట్ల కింద పెట్టాడు. ఆర్నెల్ల ఎండకి దాని మీది ఎర్రరంగు వెలిసిపోయి, కడిగేసిన గాయం రంగుకి వచ్చింది.

ముప్ఫై రెండేళ్లు తూనికలు, కొలతల శాఖలో చేశాడు. బజార్లో అతన్ని రాళ్ల ఇన్‌స్పెక్టరు అనేవాళ్లు. మఖ్మల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో ఇత్తడి రాళ్లు పట్టుకుని దుకాణంలోకి వెళ్తే, కొట్టువాడు గబగబా పళ్లెంలో ఏదో ఒక సరుకు పోసి చూపించబోయేవాడు. అతను చెయ్యి అడ్డం పెట్టేవాడు. ముందు ఖాళీ తక్కెడ చూపించు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి అతను నేర్పింది అదొక్కటే. దోషం సరుకులో ఉండదు, సరుకు వేయకముందే తక్కెడలో ఉంటుంది. పళ్లెం అడుగున అంటించిన మైనం ముద్ద, దండె చివర చుట్టిన సన్నటి తీగ. చూసే కన్నుంటే ఖాళీగా ఉన్నప్పుడే దొరికిపోతుంది.

అలాంటివాడు టై కట్టుకున్నవాడి చేతిలో పడ్డాడు.

ఇల్లు అమ్మిపెడతామని ఇద్దరు ఏజెంట్లూ ఒకే రోజు వచ్చారు. టై వాడు పొద్దున. గుమ్మంలోనే ఆగి, చేతులు నడుం మీద పెట్టుకుని, తప్పిపోయిన మనిషి కనిపించినట్టు హాలుని చూశాడు.

"సార్, ఒక్క మాట అడగనా? ఇంత ఇల్లు పెట్టుకుని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా ఎలా ఉన్నారు సార్?"

"చెప్పడానికేముంది ఇందులో?"

"అదీ! ఉన్నవాళ్లు ఎప్పుడూ ఇంతే. నేను చెప్తాను, వినండి. తొంభై అయిదు."

"తొంభై అయిదా?"

"లక్షలు సార్, వేలు కాదు. కూర్చోండి, కంగారుపడకండి."

ఎదురింటాయన తన ఇల్లు తొంభైకి అమ్మానని కూరగాయల బండి దగ్గర అందరికీ వినబడేలా చెప్పుకున్నాడు. ఎదురిల్లు తొంభై అయితే తనది అయిదు ఎక్కువే పలకాలి, పైగది ఉంది కాబట్టి. జీవితంలో ఏ కొట్టువాడి మాటనీ రాయి వేసి చూడకుండా నమ్మని మనిషి, ఎదురింటాయన మాటని బండి దగ్గర నుంచి సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

టై వాడు పైగదికి కూడా వెళ్లాడు. తలుపు కింద, నేలకి జానెడెత్తున కోసి ఉన్న కంతని చూశాడు.  దాని గురించి అడిగితే ఏం చెప్పాలో అతను రాత్రంతా అనుకుని ఉంచుకున్నాడు.

"ఇదేంటి సార్, పిల్లికా?" అన్నాడు టై వాడు. జవాబు కోసం ఆగను కూడా లేదు. "పిల్లులంటే ప్రాణం అన్నమాట. మంచిది సార్. జంతువుల్ని ప్రేమగా చూసేవాళ్ల ఇల్లంటే కొనేవాళ్లకి అదో నమ్మకం."

జవాబు కూడా వాడే తెచ్చి ఇచ్చాడు. అతను చేయాల్సిందల్లా తల ఊపడమే. ఊపాడు. ఇప్పుడు ఆలోచిస్తే, తన ఇంటిని వాడి చేతిలో పెట్టింది ఆ క్షణంలోనే. తొంభై అయిదుకి కాదు, పిల్లికి. సాయంత్రం వాడి కాగితం మీద చేసిన సంతకం దాని రసీదు మాత్రమే.

టేపావిడ ఆ సంతకానికి ముందే, పన్నెండింటికి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఒక మోకాలికి బిగుతు పట్టీ, చేతిలో ఉక్కు టేపు. మెట్లు ఒక్కొక్కటీ రెండు కాళ్లూ ఆనించి ఎక్కింది. గోడ మందం కొలిచింది. స్నానాలగది బయటి గోడని గోటితో గీకి, రాలిన సున్నాన్ని వాసన చూసింది. బయట సందులోకి వెళ్లి దాని వెడల్పు కూడా కొలిచింది. ఇదంతా అతనికి నచ్చింది. కొలిచే మనిషిని చూస్తే అతనికి ఎప్పుడూ ఒక చుట్టరికం తోస్తుంది. తర్వాత పైకి వెళ్లి, కంత ముందు కష్టంగా వంగి, దానికి కూడా టేపు పెట్టింది. వెడల్పు తొమ్మిది అంగుళాలు, ఎత్తు అయిదు. రాసుకుంది. ఇదేంటని అడగలేదు.

అడిగి ఉంటే బాగుండేది. అడగకుండా రాసుకున్నవాళ్ల మీద వచ్చే కోపం వేరు.

కిందికి వచ్చాక "అరవై ఎనిమిది" అంది.

"ఎదురిల్లు తొంభైకి పోయింది."

"డెబ్భై ఒకటికండీ. రిజిస్ట్రేషను కాగితం నా దగ్గరుంది, చూపించమంటారా? ఈ చుట్టుపక్కల ఏడాదిలో అమ్ముడైనవి మూడిళ్లు. అవి ఎంతకి పోయాయో, ఎన్నాళ్లకి పోయాయో కూడా రాశాను." సంచిలోంచి ఒక కాగితం తీసి అతని ముందు పెట్టింది. పైన అంతా నిండి ఉంది, అమ్మే కారణం దగ్గరా ధర దగ్గరా మాత్రం ఖాళీ. "ధర నేను రాయను. ఇంటివాళ్లే వాళ్ల చేత్తో రాయాలి. లేకపోతే రేపు నేనే తగ్గించానంటారు."

"ఆలోచించి చెప్తాను."

"ఆలోచించండి. నన్నే పెట్టుకోమని అనను. ఎవర్ని పెట్టుకున్నా, ఎంత అని కాదు, ఎందుకంత అని అడగండి. ఎందుకో చెప్పలేనివాడు ఎంతైనా చెప్తాడు."

ఆవిడ వెళ్లాక ఆ ఖాళీ గడి వంక చాలాసేపు చూశాడు. టై వాడి కాగితంలో తొంభై అయిదు అచ్చులో ఉంది. అచ్చులో ఉన్న అంకెకి పెద్దరికం ఉంటుంది. తన చేత్తో రాసే అంకె తన వాంగ్మూలంలా ఉంటుంది.

తమ్ముణ్ణి ఇంట్లో అందరూ చిన్నోడు అనేవాళ్లు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఒకరోజు, అక్షరాలు వరసలో నిలబడి తనని తిడుతున్నాయని చెప్పి పని మానేశాడు. కొన్నాళ్లకి అక్షరాలు గోడల్లోకి వచ్చాయి. ఆస్పత్రిలో చేర్చమని డాక్టరు చెప్పాడు. తూనికల ఇన్‌స్పెక్టరు తమ్ముడు పిచ్చాస్పత్రిలో. బజార్లో ఆ మాట నడుస్తుంటే రాళ్లపెట్టె పట్టుకుని ఆ బజార్లోనే ఎలా నడవడం? అలా అనుకున్నట్టు కూడా అతనికి గుర్తులేదు. 'ఇంటిపట్టున ఉంటేనే వాడికి మంచిది' అనుకున్నట్టు గుర్తు. మనసు తన పుస్తకాన్ని తనే దిద్దుకుంటుంది, అదీ మంచి దస్తూరీతో.

ఒకనాడు చిన్నోడు తలుపు తోసుకుని బయటికి దూకినప్పుడు పైమెట్టు మీద అమ్మ ఉంది. తుంటి విరిగింది. అమ్మ మళ్లీ లేచి నడవలేదు. ఆ వారమే వడ్రంగి వచ్చాడు.

"కుక్కకా, పిల్లికా సార్? కొలత చెప్పండి."

"పళ్లెం పట్టాలి."

వడ్రంగి ఇంకేం అడగలేదు. పని అయ్యాక కంత అంచులు చేత్తో తడిమి చూసి, మళ్లీ కూర్చుని గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. "చెయ్యి గీసుకోకుండా," అన్నాడు. దానికి విడిగా డబ్బు అడగలేదు.

కొన్నాళ్ల పాటే అనుకున్నది పదకొండేళ్లయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పళ్లెం లోపలికి తోసేవాడు. ఖాళీ పళ్లెం పట్టుకుని ఒక చెయ్యి బయటికి వచ్చేది. తమ్ముడి ముఖం కంటే ఆ చెయ్యే అతనికి బాగా తెలుసు. గోళ్లు పెరగడం, మణికట్టు సన్నబడటం, వెంట్రుకలు నెరవడం. గోళ్లు తీయడానికీ, స్నానానికీ వారానికొకసారి తలుపు తీసేవాడు, కూలికి పిలిచిన ఇద్దరు మనుషుల్ని పక్కన పెట్టుకుని. అంతసేపూ చిన్నోడు కళ్లు గట్టిగా మూసుకునే ఉండేవాడు. అమ్మ పోయింది. చెయ్యి వస్తూనే ఉంది. కిందటేడు జ్వరం ముదిరి చెయ్యి రాని రోజు, అంబులెన్సు వాళ్లు పైకి ఎక్కి, గది చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరమ్మ అడిగింది. "ఎన్నేళ్ల నుంచి గదిలో ఉంచారు?"

"నాలుగేళ్లు."

ఆమె నాలుగు అని రాసుకుంది. పావుకిలోకి పది గ్రాములు తగ్గించినందుకు మనుషుల చేత జరిమానాలు కట్టించిన నోటితోనే ఏడేళ్లు తగ్గించి చెప్పాడు. ఎవరూ రాయి వేసి చూడలేదు.

ఇప్పుడు చిన్నోడు ఊరి చివర ఒక హోమ్‌లో ఉన్నాడు. పదహారు మంది ఉండే చోటు. తలుపులకి గడియలు లోపలివైపే ఉంటాయి. చిన్నోడి మంచం పక్క కిటికీలోంచి ఒక వేపచెట్టు, దాని కింద బెంచీ కనిపిస్తాయి. అక్కడ వాడు ఆర్నెల్లలో నాలుగు కిలోలు పెరిగాడు. బరువుల సంగతి వచ్చేసరికి అతను ఆ అంకెని పదే పదే తలుచుకునేవాడు. కానీ ఆ మంచం తాత్కాలికం. శాశ్వతంగా ఇవ్వాలంటే ఒకేసారి కట్టాల్సిన మొత్తం ఉంది, అది ఇల్లు అమ్మితే తప్ప పుట్టదు. రెండుసార్లు గడువు పెంచిన మేనేజరమ్మ మూడోసారి చేతులెత్తేసింది. ఈ శుక్రవారం దాకా. కనీసం ఇల్లు బేరమైందని బయానా కాగితమైనా తెచ్చి చూపించాలి. లేకపోతే చిన్నోణ్ణి పెద్దాస్పత్రి వార్డుకి పంపేస్తారు. అతను ఆ వార్డు చూసి వచ్చాడు. నలభై మంచాలు, ఊచల తలుపు. ఊచల మధ్య ఒకచోట పళ్లెం పట్టేంత ఖాళీ.

ఈరోజు బుధవారం.

ఆర్నెల్లలో ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు ముప్ఫై మంది దాకా ఉంటారు. మొదటి నెలలో ఇరవై మంది, తర్వాత వారానికొకరు, తర్వాత వాన వస్తే తలదాచుకోవడానికి వచ్చినట్టు వచ్చినవాళ్లు. తొంభై అయిదు అనగానే మర్యాదగా నవ్వేవాళ్లు. మెట్లెక్కేవాళ్లు. కంత దగ్గర ఆగేవాళ్లు. "పిల్లికండీ," అనేవాడు అతను, రానురాను చాలా సహజంగా. ఒకసారి ఒక చిన్నపిల్ల "పిల్లేదీ?" అని అడిగింది. "చచ్చిపోయింది," అన్నాడు. ఆ పిల్ల ఏడ్చింది. తల్లి ఆ పిల్లని ఎత్తుకుని కిందికి వెళ్లిపోయింది. అతను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

టై వాడు నెలకొకసారి ఫోను చేసేవాడు. తొంభై చేద్దాం సార్. ఎనభై అయిదు చేద్దాం సార్, మార్కెట్టు కొంచెం నిద్రపోతోంది. అయిదో నెల నుంచి వాడే నిద్రపోయాడు. ధర తగ్గించిన ప్రతిసారీ అతనికి ఎవరో తన చెంప మీద మెల్లగా తట్టినట్టుండేది. ఎందుకలా ఉండేదో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఎవరైనా ఒకడు వచ్చి ఆ పైగదికి కూడా నిండుగా డబ్బిస్తే, అది గదే అని తేలినట్టు. అది గదే అయితే, తను తమ్ముణ్ణి గదిలో పెట్టి చూసుకున్నట్టు. కాకపోతే...

మొన్న అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, ఇల్లు అమ్ముతున్నావా, మ్యూజియం పెడుతున్నావా? ముప్ఫై మంది చూసెళ్లారంటున్నావు, టిక్కెట్టు పెట్టుంటే ఈపాటికి వాడి డబ్బు వచ్చేసేది."

"ధర రావాలి కదక్కా."

"ఆ టై కట్టుకున్న తేనెసీసా గాణ్ణి నాకిస్తే గేటుకి వేలాడదీసేదాన్ని బోర్డు బదులు. నీకు రాళ్ల ఇన్‌స్పెక్టరని పేరు పెట్టినవాడెవడో గానీ మహానుభావుడు. బుర్రలో కూడా అవే ఉన్నాయి."

"అక్కా..."

"అక్కా లేదు, తొక్కా లేదు. నా వాటా నాకొద్దని ఎప్పుడో రాసిచ్చాను. నీకెంత మిగులుతుందని కాదు, వాడికి సరిపోతుందా లేదా? అది చెప్పు." అక్క గొంతు తగ్గించింది. "మన ఇంట్లో అందరం చూస్తూ ఊరుకున్నాంరా. నువ్వొక్కడివే కాదు. నేను పెళ్లి చేసుకుని పోయి ఊరుకున్నాను, అంతే తేడా. ఆ కొలిచే ఆవిడ నంబరుందా పారేశావా?"

పారేయలేదు. పారేయనందుకు అతనికే ఆశ్చర్యం వేసింది.

ఆదివారం హోమ్‌కి వెళ్లినప్పటి సంగతి అక్కకి చెప్పలేదు. ఎప్పుడు వెళ్లినా చిన్నోడు ముఖం చూడడు. తల వంచుకుని అతని పాత తోలుచెప్పుల వంక చూస్తూ "వచ్చావా అన్నా" అంటాడు. కోపమనుకున్నాడు. న్యాయమైన కోపమే. ఈ ఆదివారం మేనేజరమ్మని గడువు అడగాలని, మనిషిలా కనిపించాలని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బూట్లు తొడుక్కుని వెళ్లాడు. చిన్నోడు బెంచీ మీద నుంచి ఆ బూట్లనే చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరండీ మీరు?" అన్నాడు, అండీ పెట్టి, భయంగా.

"నేనేరా. అన్నని."

చిన్నోడు కాళ్లు బెంచీ మీదకి లాక్కున్నాడు. "అన్న రాలేదండీ ఇవాళ."

జబ్బు మళ్లీ ముదురుతోందని అతను నర్సుతో చెప్పాడు. ఆమె రాసుకుంది.

గేటు చప్పుడైంది. పదకొండుకి ఇంకా రెండు నిమిషాలున్నాయి.

టేపావిడ కాస్త లావెక్కింది. మోకాలి పట్టీతో పాటు ఇప్పుడు చీలమండకి కూడా ఒకటి వచ్చింది. "బోర్డు విప్పేశారే," అంది లోపలికి వస్తూ.

"ఆ ఏజెంటు గడువు అయిపోయింది."

"ఆ కట్టిన తీగ కూడా తీసేయండి సార్. తుప్పు చూస్తే ఎన్నాళ్లు వేలాడిందో తెలిసిపోతుంది."

అతను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. తను చెప్పబోయేదాన్ని ఉదారంగా వినిపించేలా చెప్పాలని గొంతు సవరించుకున్నాడు. "సరే. మీరన్న అరవై ఎనిమిదికి నేను ఒప్పుకుంటున్నాను."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "అది అప్పటి మాటండీ."

"అంటే?"

"అరవై రెండు. ఆర్నెల్లు గేటుకి బోర్డు వేలాడింది. ఇప్పుడు వచ్చేవాళ్లు ధర అడిగేముందు, ఇన్నాళ్లు ఎందుకు పోలేదని అడుగుతారు. నా దగ్గర ఒక భార్యాభర్తలున్నారు, బట్టలు కుట్టే పని. పైగది వాళ్ల మిషన్లకి పనికొస్తుంది. అరవై రెండైతే రేపే బయానా ఇస్తారు. అరవై మూడంటే ఆలోచిస్తామంటారు, ఆ ఆలోచన మీ శుక్రవారం లోపల తేలదు."

శుక్రవారం సంగతి ఫోనులో అతనే చెప్పాడు. అయినా ఇప్పుడు అది ఆవిడ నోట రావడం దెబ్బలా తగిలింది. లోపల ఎక్కడో ఆర్నెల్లుగా మూసిపెట్టుకున్నది తన్నుకుని పైకి వచ్చింది.

"తలుపుకి కదూ మీరు తగ్గిస్తున్నది? చెప్పండి, మొహమాటం దేనికి? ఆ రోజే అనుకున్నాను. ఆ కంతకి కూడా టేపు పెట్టి కొలిచారు."

"కొలిచాను. తలుపు మార్చాలి కదండీ." ఆవిడ సంచిలోంచి పాత నోటుబుక్కు తీసి, వేలు తడిచేసుకుని పేజీలు తిప్పింది. కళ్లజోడు పెట్టుకుంది. "ఇదిగో, మీ ఇల్లు. సందులోకి కారు తిరగదు, దానికి మూడు లక్షలు. స్నానాలగది గోడ చెమ్మ, పునాది దాకా ఉంది, లక్షన్నర. పైగదికి పర్మిషను లేదు, అప్పిచ్చే బ్యాంకు దాన్ని చూడదు, అందుకే గీత పెట్టాను. వైరింగు పాతది. కింద... ఆ, పైగది తలుపు ఒకటి, బిగింపుతో సహా తొమ్మిది వేలు."

"తొమ్మిది వేలా?"

"టేకైతే ఎక్కువవుతుంది. నేను మామూలు చెక్కే వేశాను."

"అంతేనా అని అడుగుతున్నాను."

"అంతేనండీ." కళ్లజోడు పైనుంచి అతన్ని చూసింది. "ఇంకేం వేస్తాం తలుపుకి?"

"మీకు తెలీదు. అది పిల్లికి కాదు."

"తెలుసండీ. ఏ ఇంటికి వెళ్లినా ముందు పక్క నాలుగిళ్లలో అడుగుతాను, నాకది అలవాటు. వీధి మొత్తానికి తెలుసు. కొనేవాళ్లకి కూడా చెప్పాను, దాచితే తర్వాత నా పీకకి చుట్టుకుంటుంది." నోటుబుక్కు మూసింది. "ఆయన ఒక్కటే అడిగాడు. ఆ తలుపు ఖర్చు మీరు పెట్టుకుంటారా, మేము పెట్టుకోవాలా అని."

అతనికి కూర్చోబుద్ధి కాలేదు. ఆర్నెల్లు, కాదు అంతకు ముందు పదకొండేళ్లు కూడా, ఎవరో ఎక్కడో పెద్ద తక్కెడ పట్టుకుని తన కోసం ఎదురుచూస్తున్నారనే నమ్మకం మీద బతికాడు. ఒక పళ్లెంలో ఆ గది, రెండో పళ్లెంలో తను. తొంభై అయిదు వస్తే ఒకలా మొగ్గుతుంది, అరవై ఎనిమిది అయితే ఇంకోలా. తీరా చూస్తే తక్కెడే లేదు. సందు వెడల్పు ఉంది, చెమ్మ ఉంది, ఒక చెక్క తలుపు ఉంది. మిగతాదానికి ఎవరూ ధర కట్టడం లేదు, పెద్దదీ కట్టడం లేదు, చిన్నదీ కట్టడం లేదు. అది ఎవరూ కొనరు. అది తన దగ్గరే ఉండిపోతుంది.

"పైకి ఒకసారి చూసి వద్దాం," అన్నాడు.

"నా కాలు సంగతి తెలిసి కూడా," అని గొణిగింది. కానీ వెనకే వచ్చింది, ఒక్కో మెట్టూ రెండు కాళ్లూ ఆనించి, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటూ. అతను ముందుగా వెళ్లి గదిలో అడుగుపెట్టాడు. గోడలకి సున్నం కొట్టించాడు. చాప పరిచిన చోట మాత్రం గచ్చు వేరే రంగులో నున్నగా ఉంది, మనిషి పొడవున. వెనక తలుపు, చట్రం కాస్త వాలి ఉండటం వల్ల, తనంతట తనే మెల్లగా వచ్చి మూసుకుంది.

"సార్, తలుపు మూసుకుపోయింది," అంది ఆవిడ బయటి నుంచి. "తోయనా?"

"ఒక్క నిమిషం ఆగండి."

తలుపు మూసి ఉండగా ఈ గదిలో ఉండటం అతనికి ఇదే మొదటిసారి. లోపలి వైపు గడియ లేదన్న సంగతి అతనికి తెలుసు. తెలియడం వేరు, చెయ్యి అలవాటుగా వెళ్లి ఉత్త చెక్కని తడమడం వేరు. కిందికి, ఆ నున్నటి గచ్చు మీద కూర్చున్నాడు. కీళ్లు చప్పుడు చేశాయి. కూర్చున్నాక ముఖం ముందుకి వంచితే కంత సరిగ్గా కళ్లకి ఎదురుగా వచ్చింది.

కంతలోంచి రెండు పాదాలు కనిపించాయి. దుమ్ము పట్టిన చెప్పులు. ఎడమ చెప్పు పట్టీ తెగితే నల్లదారానికి బదులు నీలిదారంతో కుట్టించారు. కుడి చీలమండ పట్టీ అంచుల మీదికి ఉబ్బి ఉంది. బొటనవేలి గోరు సగం నల్లబడింది. అంతే. చీలమండ పైన మనిషి లేదు. గొంతు మాత్రం ఎక్కడో పైనుంచి వస్తోంది. ఎంత మెడ వంచినా అంతకు మించి ఏమీ కనపడలేదు.

మళ్లీ ఎప్పుడైనా, ఎక్కడైనా ఈ పాదాల్ని చూస్తే ఆవిడని గుర్తుపట్టగలననిపించింది. ముఖం అక్కర్లేకుండానే.

అప్పుడు తన తోలుచెప్పులు గుర్తొచ్చాయి. ఈ కంతకి ఎదురుగా, రోజుకి రెండుసార్లు, పదకొండేళ్లు. బూట్లు గుర్తొచ్చాయి. అన్న రాలేదండీ ఇవాళ.



"సార్? బానే ఉన్నారా?" పాదాలు కాస్త దగ్గరికి జరిగాయి. "తలుపు తీస్తున్నానండీ."

"వద్దు. ఆ కాగితం తెచ్చారా?"

"ఏ కాగితం?"

"ధర రాసేది. ఇలా ఇవ్వండి."

"కిందికి వెళ్లి కూర్చుని రాసుకుందాం సార్, ఇదేంటి..."

"ఇలాగే ఇవ్వండి."

బయట సంచి జిప్పు తీసిన చప్పుడు. గోడకి చెయ్యి ఆనించి, మూలుగుతూ వంగిన చప్పుడు. కాసేపటికి కంతలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. నాలుగుగా మడిచిన కాగితం, దాని మీద పెన్ను. వడ్రంగి నున్నగా రుద్దిన అంచుకి ఆ చెయ్యి గీసుకోలేదు.

అతను కాగితాన్ని మోకాలి మీద విప్పాడు. వెలుతురు ఆ కంతలోంచే వస్తున్నట్టు కాగితాన్ని దానివైపు తిప్పి పట్టుకున్నాడు. ఇల్లు అమ్మడానికి కారణం అన్న చోట 'తమ్ముడి కోసం' అని రాసి, కింద, అడగకపోయినా, 'పైగదిలో పదకొండేళ్లు ఉన్నాడు' అని రాశాడు. ఖాళీ గడిలో అరవై రెండు అని మొదట అంకెల్లో, తర్వాత అక్షరాల్లో రాశాడు. సంతకం చేశాడు.

కాగితాన్ని మళ్లీ అదే మడతల్లో మడిచి, పెన్ను దాని మీద పెట్టి, కంతలోంచి బయటికి తోశాడు.